నట్టు నానేదాకా

మా మామ పోయాడు. అమ్మకు తమ్ముడు, ఆళ్లగడ్డలో మోటార్ సైకిళ్ల మెకానిక్కు. పోయిన నెల ఓ పొద్దున అత్త ఫోను చేసింది. "మీ మామ టీ తాగుతా తాగుతా అట్నే ఒరిగిపాయరా. మధ్యాన్నానికే ఎత్తుతామంటాండారు. బేగా రా" అంది. కడసారి ముఖం చూడాలి, అంతే. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ ఎంత దూరమని? బస్సు కోసం ఎవరు నిలబడతారులే అని బండి తీశాను. ఆ తొందరే నా కొంప ముంచింది.

మామ దగ్గరికి వచ్చే బండ్లలో సగం, చక్రం ఊడిరాని బండ్లే. బేతంచెర్ల బండ్లకు నాపరాళ్ల పాలిష్ రొచ్చు ఇరుసులోకి చేరి సిమెంటులా గట్టిపడేది. సంజామల వైపు బండ్లు నల్లరేగడి మోసుకొచ్చేవి. "చక్రం తెచ్చినావా, చేను తెచ్చినావాప్పా?" అనేవాడు. పట్టేసిన నట్టు మీద ఆయిలు పోసి, గుడ్డ చుట్టి, బండి గలాయన్ను బెంచీ మీద కూర్చోబెట్టేవాడు. ఎంత పనుందని మొత్తుకున్నా వినడు. "నట్టు నానేదాకా మనిషి గూడా నానాల" అనేవాడు. ఆ నానే వేళలోనే అన్నదమ్ముల తగాదాలు, కూతుళ్ల కాన్పులు అన్నీ బయటికొచ్చేవి.

సుత్తి చిట్టచివరికి. అదీ నట్టును మళ్లీ ఇరుసు కొసదాకా ఎక్కించి, మధ్యలో చెక్కముక్క అడ్డం పెట్టి కొట్టాలి. ఉత్త ఇరుసు మీద కొడితే కొస చదునై వెడల్పవుతుంది, ఇక ఆ రంధ్రంలోంచి రానే రాదు. "తుప్పుకు కోపం చూపిస్తే అది ఇంగా బిగుసుకుంటాది, నీ మాదిరే" అని నన్ను చూసి నవ్వేవాడు. నాకు ముక్కు మీద కోపమని మా వాళ్లందరికీ తెలుసు.

ఏటా వానలు తగ్గగానే ఆయన నుంచి ఫోను వచ్చేది. "అల్లుడా, బండి తీసుకరా. ఇరుసులు పీకి గ్రీజు పెట్టిస్తా." పోయేవాణ్ణి. ఒకపూట పని, అత్త చేతి ఉగ్గాని, బోలెడన్ని కబుర్లు. గ్రీజు ఒక సాకేనని, ఆయనకు నన్ను చూడాలని ఉండేదని తెలియనంత మొద్దును కాను. అయినా ఈ రెండు మూడేళ్లుగా పోలేదు. "వస్తా మామా, ఈ వారం" అనడం, మరిచిపోవడం. చివరిసారి "ఏం అల్లుడా, నంద్యాల అంత దూరమైపాయనా?" అన్నాడు. ఆ మాటకు నాకు కోపమొచ్చింది. పనుందని చెప్పి ఫోను పెట్టేశాను.

శిరివెళ్ల దాటాక వెనక టైరు దిగిపోయింది. తోసుకుంటూ పంక్చర్ల షాపు చేరాను. ట్యూబు చినిగింది, మార్చాలంటే చక్రం ఊడాలి. నట్టు వచ్చింది గానీ ఇరుసు కదల్లేదు.

"పట్టేసిందన్నా. ఆయిలు పోస్తా, కొంచేపు నాననీ" అన్నాడు షాపాయన.

"ఆడ మా మామను ఎత్తుతాండారప్పా" అని సుత్తి లాక్కున్నాను. అప్పుడైనా బండి వదిలేసి బస్సెక్కి ఉంటే అందేవాణ్ణి. పంతం. కొట్టాను. ఉత్త ఇరుసు మీదే కొట్టాను. కొస వెడల్పయి కూర్చుంది.

"ఇంగ కోయాల్సిందే" అన్నాడాయన, సుత్తి నా చేతిలోంచి తీసుకుని.

బస్సు దిగి వీధిలోకి వచ్చేసరికి జనం శ్మశానం నుంచి తడిబట్టలతో తిరిగొస్తున్నారు.

"యాడుంటివిరా? నీ కోసం శానా సేపు చూస్తిరి" అంది అత్త.

"ఇరుసు పట్టేసిందత్తా."

ఆమె నా చేతుల వైపు చూసింది. "సుత్తితో కొట్టినావా?"

చేతులు వెనక్కి పెట్టుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది, తిట్టలేదు. బండి చెడిపోతే నువ్వేం చేస్తావని మీరూ అంటారేమో. నేను ఆళ్లగడ్డకు పోని వానాకాలాల తుప్పే ఆ ఇరుసును పట్టుకుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు, నాకు తెలుసు.

ఇంటి ముందు షెడ్డులో ఒక బండి స్టాండు వేసి ఉంది. వెనక చక్రం నట్టుకు గుడ్డ చుట్టి ఉంది.

"నిన్న మాపున ఆయిలు పోసి పెట్టె. పొద్దున ఇప్పుతా అనె" అంది అత్త. "ఆ బండాయనే మీ మామ పాడెకు భుజం పట్టినాడు. అడగల్యాక ఆడ నిలబడుకోనుండాడు. నువ్వు ఇప్పియ్యి."

గుడ్డ తీసి పానా పెట్టాను. ఎంత బలం కావాలో అని కాలు ఆనించుకున్నాను. ఏ బలమూ అక్కర్లేకపోయింది, ఒక్క చేతికే తిరిగింది. నట్టు నా అరచేతిలోకి జారింది, రాత్రంతా నాని, ఇంకా ఆయిలు కారుతూ.