తాళం పెడళ్లు బిగించిన చాచా

ఆదివారం పొద్దున పానగల్లు అవతల గుట్ట ఎక్కుతుంటే ఫోన్ మోగింది. రాళ్ల మధ్య ఆగడానికి జాగా లేదు. వీపు మీది సంచిలో అది మోగి ఆగింది, మళ్లీ మోగింది. పైకి చేరాక తీసి చూస్తే మా ఆయన.

"మీ సైకిల్ చాచా పోయిండంట. పాల ప్యాకెట్‌కు పోతుంటె షాపు ముంగట జనం కనపడ్డరు. తెల్లారుజామున గుండె నొప్పి వచ్చిందంట" అన్నాడు.

మా ఆయనకు చాచా పేరెత్తడం కష్టం. ఎందుకు కష్టమో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆ రోజు నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. కూర్చుంటే లేవబుద్ధవుతోంది, లేస్తే ఎటు పోవాలో తెలియడం లేదు.

నేను నల్గొండలో సర్కారు బడి సైన్సు టీచర్ని. చాచా పాత బస్తీలో సైకిళ్లు బాగుచేసేవాడు. ఒక రేకుల షెడ్డు, పంక్చర్లు చూసే నీళ్ల తొట్టి, గోడకు వేలాడే టైర్లు. అంతే షాపు. సైకిల్ పట్టుకెళ్తే ముందు చెయ్యి వేసేవాడు కాదు. "ఏడికెళ్లి వస్తాంది?" అని అడిగేవాడు, ఇంటికి వచ్చిన చుట్టాన్ని అడిగినట్టు. ఏ దారిలో తిరిగిందో తెలిస్తే ఎక్కడ అరిగిందో సగం తెలుస్తుందని ఆయన లెక్క. ఎవరైనా సైకిల్‌ను నేల మీద పడుకోబెడితే మాత్రం ఊరుకునేవాడు కాదు. "దానికేమన్న జరమొచ్చిందా? లేపి నిలబెట్టు" అని గదమాయించేవాడు. చాయ్ వస్తే చేతులు రెండుసార్లు తుడుచుకుని సాసర్లో పోసుకునేవాడు. అయినా సాసర్ అంచు మీద నల్లటి వేలిముద్ర పడేది.

కరోనా తర్వాత నేను గుట్టలెక్కే సైకిల్ ఒకటి కొన్నాను. బడి అయిపోయాక ఇంట్లో కుదురుగా ఉండలేని మనిషిని. నాలాంటివాళ్లే ఇంకో ఐదారుగురు కలిశారు, ఆదివారాలు గుట్టల వెంట పడేవాళ్లం. సైకిల్‌తో వచ్చిన పెడళ్లు మామూలువి, బల్లపరుపుగా, కాలు జారకుండా మీద చిన్న చిన్న మొలలతో ఉండేవి. రాళ్ల మీద ఎగిరినప్పుడల్లా కాలు జారేది, ఆ మొలలు మోకాలి కింద ముందువైపు తోలు లేపేవి. బడిలో చీర కుచ్చిళ్లు కాస్త పైకి లేస్తే పిల్లలు "టీచర్, పిల్లి గీరిందా?" అనేవాళ్లు. ఆ బాధ పడలేక క్లిప్‌లెస్ పెడళ్లు తెప్పించాను. పేరుకు క్లిప్ లేదంటారు గానీ, బూటు అడుగున బిగించిన ఇనుప ముక్క పెడల్‌లోకి వెళ్లి టక్కున పట్టేసుకుంటుంది. ఇక కాలు జారదు. ఊడి రావాలంటే మడమను బయటికి తిప్పాలి, పైకి లాగితే రాదు.

చాచా వాటిని అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. "కాలు పెట్టెటందుకు జాగనే లేదు గదనే?" అన్నాడు. విషయం చెప్పాను. "అంటే గిది పెడల్ కాదు, తాళం" అన్నాడు. ఆ రోజు నుంచి మా ఇద్దరికీ అవి తాళం పెడళ్లే. రెండు రోజులు బిగించలేదు. నా బూటు చేతికి తొడుక్కుని, పెడల్‌ను ఒక ఇనుప పట్టీకి బిగించి, టక్కుమనిపించడం, తిప్పి తీయడం. షాపు పక్క కిరాణా ఆయన "చాచాకు ఆటబొమ్మ దొరికింది" అని నవ్వాడు. చాచా పట్టించుకోలేదు. తనకు అర్థం కాని వస్తువును గిరాకీ సైకిల్‌కు ఎన్నడూ బిగించలేదని, ఇప్పుడు బిగించనని అన్నాడు.

బిగించాక కూడా పోనివ్వలేదు. షెడ్డు గుంజను ఒక చేత్తో పట్టుకుని సైకిల్ మీద కూర్చోమన్నాడు. టక్, తిప్పు, టక్, తిప్పు. బజారు మొత్తం చూస్తోంది. నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. కాసేపయ్యాక కాలు తిప్పడం వచ్చిందనుకున్నాను. చాచా ఎదురుగా వచ్చి హఠాత్తుగా చప్పట్లు కొట్టి "ఇయ్యాల ఏం కూర?" అన్నాడు. కూర ఏమిటో గుర్తు తెచ్చుకునే లోపల కాలు పైకి లాగాను, రాలేదు. గుంజను కావలించుకున్నాను.

"సూశినవా? తలకాయకు వచ్చింది గాని కాలుకు రాలే. ముచ్చట చెప్పుకుంట దిగొస్తె అప్పుడు వచ్చినట్టు" అన్నాడు. స్ప్రింగులు రెండూ పూర్తిగా వదులు చేసి, వారం రోజులు సాయంత్రం సాయంత్రం వచ్చి గుంజ పట్టుకోమన్నాడు. వెళ్లాను. దోసకాయ పప్పు, చుక్కకూర, గుడ్ల పులుసు, అన్నీ చెప్తూ కాళ్లు తిప్పాను.

నెల రోజులు గుట్టల మీద ఒక్కసారి కూడా పడలేదు. కాళ్లకు కొత్త బలం వచ్చినట్టయింది. దెబ్బ తగిలింది మాత్రం చదునైన సిమెంటు రోడ్డు మీద, గడియారం సెంటర్ దగ్గర.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. మాది మోత్కూర్ అవతల ఊరు. చర్చికి పోయే ఇల్లు, ఒకప్పుడు సెంటు భూమి లేనిది. మా బాపు దొర గడీ మూల రాగానే సైకిల్ దిగి, గోడ దాటేదాకా నడిపించుకుంటూ వెళ్లేవాడు. నేను పుట్టేనాటికి దిగమని అడిగేవాళ్లు ఎవరూ లేరు. గడీ పైకప్పు సగం కూలిపోయింది. అయినా బాపు దిగేవాడు. ముందు కడ్డీ మీద కూర్చున్న నేను కూడా దిగేదాన్ని. బాపు సైకిల్ మీదే తొక్కడం నేర్చుకున్నాను కాబట్టి, ఆ మూల దిగడం కూడా దానితో పాటే నేర్చుకున్నాను. కుడికాలు సీటు మీదుగా వెనక్కి తిప్పి దిగడం. ఎవరూ చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ రోజు సెంటర్‌లో మందుల షాపు ముందు ఒక కారు ఆగి ఉంది. వెనక సీట్లో ఆ దొర. చాలా ముసలివాడైపోయాడు, ముఖం గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది. నా కాలుకు ఆ క్షణం కూడా పట్టలేదు. ఎమ్మెస్సీ చదివిన కాలు, పిల్లలకు రాజ్యాంగ పీఠిక చదివించే మనిషి కాలు, కుడివైపు తాళం ఊడదీసుకుని సీటు మీదుగా తిరిగింది. ఎడమకాలు పెడల్‌లోనే ఉండిపోయింది. అలాగే పక్కకు ఒరిగి పడ్డాను. మణికట్టు విరిగింది. ఎవరో ఆటో ఆయన నా పాదాన్ని బూటులోంచి లాగి బయటికి తీశాడు, బూటు మాత్రం పెడల్‌కే వేలాడుతూ ఉంది.

దొర నన్ను చూడనే లేదు. మందులు అందుకుని, అద్దం పైకెక్కించుకుని వెళ్లిపోయాడు.

దవాఖానలో మా ఆయన "ఎట్ల పడ్డవ్?" అంటే "కాలు ఊడిరాలే" అన్నాను. అది అబద్ధం కాదు. కానీ ఆయన కోపంతో సైకిల్‌ను, దానికి వేలాడే బూటుతో సహా, చాచా షాపుకు నెట్టుకెళ్లాడని తర్వాత తెలిసింది. మా ఆయన కరెంటాఫీసులో చేస్తాడు, మామూలుగా గొంతెత్తని మనిషి. ఆ రోజు నడిరోడ్డు మీద ఎత్తాడు. "తెల్వని పని నెత్తికెందుకు ఎత్తుకుంటరు? ఇగ ఈయన కాడ ఎవ్వరు చేపిచ్చుకోకుండ్రి" అని నలుగురు వినేట్టు అన్నాడు. చాచా ఒక్క మాట ఎదురాడలేదట. "నాదే తప్పు సార్. స్ప్రింగు సరిగ సూసుకోలే" అన్నాడట.

ఆ మాట మా ఆదివారం గుంపుకు పాకింది. వాళ్లు తమ సైకిళ్లను హైదరాబాద్ పట్టుకెళ్లడం మొదలుపెట్టారు. పెద్ద సైకిళ్ల పని చాచాకు రాదని, పంక్చర్లకైతే సరేనని బజార్లో మాటైంది. నేను నోరు విప్పలేదు. విప్పితే ఎవరిని చూసి దిగానో చెప్పాలి. ఈ కాలంలో, ఈ రాష్ట్రంలో, ఇంత చదివి, ఇంకా దిగుతున్నావా అంటారని సిగ్గు. ఆ సిగ్గును దాచుకోవడానికి ఒక మంచి పనివాడి పేరు పోనిచ్చాను. ఇంతకన్నా మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

పిండికట్టుతో ఒకసారి షాపుకు వెళ్లాను. చాచా స్టూలు జరిపి కూర్చోమన్నాడు. "పెడలు మంచిగనే ఉన్నది బిడ్డా. తీసెయ్యాల్నా, ఉంచాల్నా?" అన్నాడు. ఉంచమన్నాను. ఇంకేమీ అడగలేదు. చెయ్యి నయమయ్యాక కూడా ఏదో వంకతో ఆయన దగ్గరికే వెళ్లేదాన్ని. చెయినుకు నూనె అనేదాన్ని, బ్రేకు అనేదాన్ని. ప్రతిసారీ మాట గొంతు దాకా వచ్చేది. ఎవరో గిరాకీ వచ్చేవాళ్లు, ఎవరూ రాకపోతే అప్పుడింకా కష్టంగా ఉండేది. అట్లా రెండేళ్లు గడిచిపోయాయి.

చాచా పోయిన మూడో రోజు వాళ్లింటికి వెళ్లాను. ఆడవాళ్లంతా ముందు గదిలో కూర్చున్నారు. వంటింట్లో చాచీ ఒక్కతే ఉన్నప్పుడు తలుపు దగ్గర నిలబడి మొత్తం చెప్పేశాను. గడీ, బాపు, కారు, అన్నీ. చాచీ కళ్లు తుడుచుకోవడం ఆపి నన్ను చూసింది.

"ఆయనకు తెల్సు బిడ్డా" అంది.

"ఏం తెల్సు?"

"నువ్వు పడ్డ నాడు రాత్రి అన్నం తినుకుంట చెప్పిండు. ఎడమ బూటు పెడలుకే ఉన్నదంట, సీటు ఎనుక కుడి బూటు ఇనుము గీసుకున్న గీర ఉన్నదంట. ఊకె ఆగెటోళ్లు ఒక్క కాలు కింద పెడ్తరు, కుడికాలు ఎనుకకెంచి తిప్పిందంటె పూరా దిగబోయింది, ఎవరో దొరనో పటేల్నో చూసి ఉంటది అన్నడు. మేం గూడ దిగినోళ్లమే కదా అన్నడు."

"మరి మా ఆయన అన్ని మాటలన్నప్పుడు ఎందుకు ఊకున్నడు?"

"నేను గూడ గదే అడిగిన. గట్ల చెప్తె ఆ పిల్ల నలుగుట్ల తల దించుకోవాలె, నా షాపుకేమైతది అన్నడు."

షాపుకు చాలా అయింది. అది చాచీకి తెలుసు, నాకు తెలుసు. అయినా ఆమె నా చేతిలో చాయ్ కప్పు పెట్టింది. తెలియకుండా పోయి ఉంటే బాగుండేదనిపించింది. ఆయన మీద కోపం కూడా వచ్చింది. తెలిసినవాడు ఒక్కసారి గద్దించి ఉంటే నేను ఏనాడో చెప్పేసేదాన్ని కదా! వెంటనే ఆ కోపం నా మీదికే తిరిగింది. ఆయన గద్దించకపోవడం ఆయన మంచితనం, నేను చెప్పకపోవడం నా పిరికితనం. ఈ రెంటినీ కలిపి చూసుకుని ఊరటపడే హక్కు నాకు లేదు.

ఇంటికి రాగానే మా ఆయనకు చెప్పాను. టీవీ కట్టేసి విన్నాడు. "గీ మాట నాకన్న చెప్పకపోతివి" అన్నాడు. కొంచెం ఆగి "గా మనిషిని ఎన్ని మాటలన్న" అన్నాడు. భోజనానికి లేవలేదు.

మరునాడు పొద్దున లేచి చూస్తే ఇంట్లో లేడు, చాయ్ కూడా తాగలేదు. ఎక్కడుంటాడో నాకు తెలుసు. సైకిల్ వేసుకుని వెళ్లాను. చాచా షాపు రేకు తలుపు మూసి ఉంది. మా ఆయన దాని ముందు, రెండేళ్ల కిందట అరిచిన చోటే, హెల్మెట్ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను పక్కన నిలబడ్డాను.

చౌటుప్పల్ బస్సు ఒకటి పోయింది. ఎవరో పెద్దాయన, పొరుగూరి మనిషి అనుకుంటాను, వెనక చక్రం గాలిపోయిన సైకిల్‌ను నెట్టుకుంటూ వచ్చి మా దగ్గర ఆగాడు.

"షాపు తెరుస్తలేరా సారూ?"

మా ఆయన "చాచా పోయిండు" అన్నాడు.

పెద్దాయన "అయ్యో" అని తలుపు వైపు చూశాడు. "ఈడ మంచిగ చేస్తరని ఎవలో చెప్తె వచ్చిన."

"చేస్తుండె" అన్నాడు మా ఆయన. "శాన మంచిగ చేస్తుండె." అడగకపోయినా ఇంకోసారి, కాస్త గట్టిగా, రోడ్డు మీద పోయేవాళ్లు తిరిగి చూసేట్టు అన్నాడు. "నల్గొండల గంత మంచిగ చేసెటాయిన లేకుండె."

పెద్దాయన తలూపి సైకిల్ తిప్పుకున్నాడు. గాలి లేని చక్రం రోడ్డుకు తపతపా కొట్టుకుంటూ పోతుంటే, మలుపు తిరిగేదాకా ఇద్దరం అటే చూస్తూ నిలబడ్డాం.