ప్రాగ్‌లో వియ్యంకుడుగారి బూట్లు

చదివేవారికి నమస్కారం. నా చేతిరాత కోడి కెలికినట్టు ఉంటుంది. మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. ఒత్తులూ దీర్ఘాలూ అప్పుడే సరిగా వచ్చేవి కావు, ఇప్పుడు వేళ్లు కూడా వణుకుతున్నాయి. తప్పులుంటే మన్నించి, సరిచేసుకుని చదువుకోండి.

మా వియ్యంకుడుగారు పోయిన మంగళవారం ఉదయం క్వేకర్స్ హిల్‌లో, వాళ్లబ్బాయి ఇంట్లో పోయారు. కాఫీ తాగి కుర్చీలో కూర్చున్నవారు మళ్లీ లేవలేదు. గుండె ఆగిపోయిందట. ఆ ఫోను మా కోడలు తీసింది. తండ్రి పోయాడని నాకు చెప్పలేక, ఫోను నా చేతికిచ్చి గోడవైపు తిరిగింది.

అంత్యక్రియలనాడు ఆయన గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. లేచాను, దండం పెట్టాను, కూర్చున్నాను. పదిమందిలో నాకు మాట రాదు. అందుకే రాస్తున్నాను.

ఆయన తెనాలి వైపు ముప్ఫై ఏళ్లు బస్సు కండక్టరుగా చేశారు. ఆయన గొంతు వీధి చివరికి వినపడేది. మేమిద్దరం ఒకచోట ఉంటే మాటలన్నీ ఆయనవి, తలూపడం నాది. పిల్లల దగ్గరికని ఈ దేశం వచ్చాక, ప్రతి శుక్రవారం రైలెక్కి గిరావీన్‌లో మా ఇంటికి వచ్చేవారు. రైల్లో ఎవరైనా గుమ్మం దగ్గర గుమిగూడి నిలబడితే, తెల్లవాళ్లయినా సరే, "లోపలికి జరగండి, లోపల చోటుంది" అని తెలుగులోనే చెప్పేవారు. చెయ్యి ఊపే తీరు చూసి వాళ్లూ జరిగేవారు.

అంతటి మనిషి నా ముందు మాత్రం కూర్చునేవారు కాదు. నేను కూర్చున్నాకే కూర్చునేవారు. నా నోట్లో ముద్ద పడ్డాకే ఆయన కంచంలో చెయ్యి పెట్టేవారు. పిల్లనిచ్చినవాడు మగపెళ్లివారి దగ్గర అలాగే ఉండాలని ఆయన పట్టుదల. "కూర్చోండి బావగారూ" అంటే "ముందు మీరు" అనేవారు. నేను మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్తే, వచ్చేదాకా కుర్చీ వీపు పట్టుకుని నిలబడేవారు. నాకు సిగ్గుగా ఉండేది. మానెయ్యండని చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. ఏ మాటలతో చెప్పాలో తెలిసేది కాదు. మేము ప్రాగ్ వెళ్లేదాకా అలా ఇరవై రెండేళ్లు గడిచాయి.

ఆయనకు చక్కెర జబ్బు. అరికాళ్లలో స్పర్శ పోయింది. ఒకసారి వంటింట్లో గాజుపెంకు గుచ్చుకుంటే, నేలమీద నెత్తురు చూశాకగాని ఆయనకు తెలియలేదు. ఆ పుండు మానడానికి ఏడు నెలలు పట్టింది. ఇంకోసారి అలాంటిది అయితే కాలు తియ్యక తప్పదని పారమట్టాలో డాక్టరు తేల్చి చెప్పారు. అప్పుడే లోపల మెత్తటి అట్ట వేసిన ప్రత్యేకమైన బూట్లు తొడిగించారు. ఇంట్లో కూడా వాటితోనే తిరగాలి.

మా మనవరాలు యూనివర్సిటీలో చదివే రోజుల్లో, చదువులో భాగంగానే ఒక ఆరు నెలలు ప్రాగ్‌కు వెళ్లింది. అది యూరప్‌లో చాలా పాత ఊరు. తాతలిద్దరినీ ఒకసారి చూసిపొమ్మంది. మా అబ్బాయి టిక్కెట్లు తీశాడు. కోడలు మాత్రం ససేమిరా అంది.

"నాన్నా, అక్కడంతా రాళ్ల రోడ్లు. నీ కాలితో ఆటలా?"

"తిరిగొచ్చి విమానం దిగేదాకా బూట్లు విప్పనమ్మా. నిద్రలో కూడా విప్పను. చాలా?"

"మావయ్యగారూ, మీరు చూసుకుంటారా మరి?"

చూసుకుంటానన్నట్టు తలూపాను. ఆ తలూపడం నామీద పెద్ద బాధ్యతే పెట్టింది.

ప్రాగ్‌లో ఉన్నది మూడు రోజులు. మొదటి రోజు మనవరాలు మమ్మల్ని రాతి వంతెన మీద నడిపించింది. వంతెనకు రెండు పక్కలా విగ్రహాలు, కింద ఏరు, ఎదురుగా గుట్టమీద కోట. గంట కొట్టినప్పుడు బొమ్మలు కదిలే గడియారం చూపించింది. ఆయన వాటన్నిటికన్నా ట్రాము చూసి ఆశ్చర్యపోయారు.

"కండక్టరేడమ్మా?"

"ఉండరు తాతయ్యా. యూ జస్ట్ స్టాంప్ యువర్ టికెట్."

"ఎవరూ అడగరా? మనుషుల్ని నమ్మి బండి నడుపుతున్నారా! గొప్ప ఊరు బావగారూ. మా తెనాలి బస్సు ఇలా వదిలేస్తే సాయంత్రానికి సీట్లు కూడా మిగలవు."

రెండో రోజు పొద్దున అమ్మాయికి పరీక్ష. మమ్మల్ని గడియారం ఎదురుగా బెంచీ మీద కూర్చోబెట్టి, "ట్వెల్వ్‌కల్లా వచ్చేస్తా, డోంట్ మూవ్, ప్లీజ్" అని వెళ్లింది. ఆయన పావుగంట ఓర్చుకున్నారు.

"కూర్చోడానికైతే గిరావీన్ చాలదా బావగారూ? రండి, ఆ సందులో ఏదో గుడి కనపడుతోంది."

అది పాత చర్చి. పది నిమిషాల నడక. తలుపు దగ్గరికి వెళ్లగానే ఆయన గోడ పట్టుకుని వంగారు. బూట్లు విప్పారు. రెంటినీ పక్కపక్కన, ముందు భాగం వీధివైపు వచ్చేలా సర్దిపెట్టారు. గుడి ఏ దేవుడిదైనా ఆయనకు గుడే.

లోపలికి వెళ్లేవాళ్లందరి కాళ్లకూ బూట్లున్నాయి. నేను చూశాను. నా కాళ్లకూ ఉన్నాయి. ఆయన్ని ఆపాలి. కానీ తలుపు దగ్గర జనం, అంతా నిశ్శబ్దం. నేను గట్టిగా ఒక మాటంటే అందరూ మావైపు తిరుగుతారు. నోరు తెరవలేదు. లోపల అంతా రాయే కదా, నున్నగా ఉంటుంది, రెండు నిమిషాల్లో వచ్చేస్తాం అని సర్దిచెప్పుకున్నాను. నేను చేసిన తప్పు అదే.

లోపల ఎత్తయిన కప్పు, బంగారు పూత వేసిన దేవతలు, రంగు అద్దాలు. ఆయన మేజోళ్లతో నిలబడి దండం పెట్టుకుని, "ఇంత చలిలో ఇంత పెద్దిల్లు ఎలా కాచుకుంటున్నాడో స్వామి" అని గొణిగారు.

బయటికి వస్తే బూట్లు లేవు. గోడ వెంట వెతికాను. చర్చిలో కొవ్వొత్తులమ్మే ఆవిడను, నాకొచ్చిన రెండు ఇంగ్లీషు మాటలతో అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"నిన్న పొగిడాను, ఇవాళ దిష్టి కొట్టింది" అని ఆయన నవ్వారు. "పదండి, పది నిమిషాలేగా. మేజోళ్లున్నాయి."

సందంతా గుండ్రాళ్లు పరిచిన దారి. రాళ్ల మధ్య సీసాపెంకులు మెరుస్తున్నాయి.

"వద్దు" అన్నాను.

"ఏం కాదు బావగారూ, నాకు నొప్పే తెలియదు."

"అందుకే వద్దు. కూర్చోండి."

"మీరు నిలబడి ఉండగా నేనా?"

"కూర్చోమన్నానా!"

ఆయనమీద నేను గొంతెత్తింది అదొక్కసారే. చర్చి మెట్టుమీద గబుక్కున కూర్చుండిపోయారు. నేను నా బూట్లు విప్పి, ఆయన ముందు మోకాళ్లమీద కూర్చుని కాలు పట్టుకున్నాను. ఆయన కాలు వెనక్కి లాక్కున్నారు.

"అయ్యయ్యో, ఏంటండీ ఇది! పెళ్లిలో మీ అబ్బాయి కాళ్లు కడిగినవాణ్ణి. మగపెళ్లివారు, మీరు నా కాళ్లు పట్టుకుంటారా? నలుగురూ చూస్తున్నారు."

"ఇక్కడ మగపెళ్లివారెవరో వీళ్లకేం తెలుసు? ఆ కాలు మీ అమ్మాయికి భద్రంగా అప్పజెప్పాలి నేను. ఇవ్వండి."

ఇచ్చారు. మేజోడు తీసి అరికాలంతా అరచేత్తో తడిమాను. చల్లగా ఉంది. ఎక్కడా తెగలేదు. రెండో కాలూ అలాగే చూశాను. నా చెయ్యి తగిలిన సంగతి ఆయనకు తెలియదు. ఎటో చూస్తూ, "ఇంకా చూడలేదా బావగారూ?" అని అడిగారు. అప్పటికి అయిపోయింది. నా బూట్లు ఆయనకు కాస్త పెద్దవి, అదే మంచిదైంది. లేసులు కట్టాను.

నేను మేజోళ్లతో నడిచాను. చెప్పులు లేకుండా బడికి వెళ్లినవాణ్ణి, దుక్కి దున్నినవాణ్ణి. ఆ రాళ్లు నన్నేం చేస్తాయి? ఆయన నా మోచెయ్యి పట్టుకుని నడిచారు.

బెంచీ దగ్గర మనవరాలు ఏడుపు మొహంతో ఉంది. జరిగింది విని నావైపు తిరిగింది.

"తాతయ్యా, వై డిడింట్ యూ సే సమ్‌థింగ్?"

నాకు బదులు ఆయనే అందుకున్నారు. "చెప్పాల్సినప్పుడు గట్టిగానే చెప్పాడులేమ్మా. నేను హడలిపోయి కూలబడ్డాను." నన్ను "చెప్పారు" అనకుండా "చెప్పాడు" అన్నారు. ఇరవై రెండేళ్లలో అదే మొదలు.

"మమ్ కెనాట్ నో. ఎవర్. అమ్మకు చెప్పకండి" అంది పిల్ల. ఆయనకు కొత్త బూట్లు కొన్నాం. సాయంత్రం వీడియోలో కోడలు అడిగితే, "పాతవి బరువుగా ఉన్నాయమ్మా, మీ మావగారు ఇవి ఇప్పించారు" అన్నారు. నేను తలూపాను. అమ్మా, నువ్వు ఇది చదువుతావని తెలుసు. ఆరేళ్లు దాచాం. కోప్పడదలిస్తే నన్నే కోప్పడు, ఆయన లేరుగా. కానీ మీ నాన్న రెండు కాళ్లతోనే వెళ్లారు. ఆ మాట నేను ధైర్యంగా చెప్పగలను.

మూడో రోజు మధ్యాహ్నం విమానానికి ముందు కాసేపు ఏటి ఒడ్డుకు వెళ్లాం. నేను రెయిలింగ్ దగ్గర నిలబడి పడవలు చూస్తున్నాను. ఆయన బండిమీద కాల్చిన గింజలేవో ఒక పొట్లం కొన్నారు, అచ్చం మన పనసగింజల్లా ఉన్నాయి. నేనింకా నిలబడే ఉన్నాను. వెనక్కి తిరిగి చూస్తే ఆయన బెంచీ మధ్యలో కాళ్లు బారజాపుకుని కూర్చున్నారు. ఒక గింజ వలిచి, నావైపు చూడకుండా నోట్లో వేసుకున్నారు. ఎండ మొహాన పడుతోంది. కళ్లు మూసుకుని నములుతూ, బెంచీ మీద కాస్త పక్కకు జరిగారు.

మీలో ఎవరికైనా ఏ బస్సులోనో, ఏ రైల్లోనో ఆయన చోటు చూపించి ఉంటే రెండు ముక్కలు రాయండి. తెలుగులోనే రాయండి. నాకు ఎనభై నాలుగేళ్లు, కాబట్టి తీరిక చూసుకుని రాద్దామనుకోకండి. వెంటనే రాయండి.