అవ్వ నడింట్లో పరిచిన బొంతలు

మహబూబాబాద్ నుంచి మొన్న పొద్దున ఫోన్ వచ్చింది. ఒకప్పుడు మేం అద్దెకున్న ఇంటి అవ్వ చనిపోయిందట. అప్పటినుంచి జనగామలోని మా ఇంట్లో వంటింటికీ వాకిలికీ మధ్య ఊరికే తిరుగుతున్నాను.

తెలంగాణ ఉద్యమం రోజులవి. సర్కారు బడి పంతులైన మా ఆయన సమ్మెలో ఉన్నాడు. రైళ్లు ఆపడానికి పట్టాల మీద కూర్చోవడానికి వెళ్లిన మనిషి ఇంటికొస్తాడో, ఠాణాకు పోతాడో తెలిసేది కాదు. నెలలు నిండకుండా పుట్టిన మా పాపకు ఏడాదిన్నర దాటినా నడక రాలేదు. లోపమేమీ లేదు, బాగా ఆడించమని డాక్టరమ్మ చెప్పింది. బయట ఆడిద్దామంటే వీధిలో టైర్ల పొగ, పోలీసు బండ్లు.

అవ్వ తన నడింట్లోని మంచం గోడకు జరిపించింది. పాత బొంతలు మడిచి, ఒకచోట ఎత్తుగా, ఒకచోట పల్చగా పరిచి, పాపను ఉత్తకాళ్లతో నిలబెట్టింది. మెత్తటి చోట కాలు కుంగగానే పిల్ల ఊగి కూలబడేది. నేను ఉరికితే అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది.

"జర ఆగు బిడ్డా. పడనియ్యి. పడ్డది బొంతల మీదనే గదా."

ఒకరోజు పీట తోయించేది, ఒకరోజు గుడ్డల బంతి దొర్లించి వంగి తీయించేది. అదంతా మా కోసమే అనుకున్నాను. అవ్వ చిన్నకొడుకు హైదరాబాదులో చదువుతున్నాడు. తెలంగాణ కోసం అక్కడి పిల్లలు ప్రాణాలు తీసుకుంటున్నారని టీవీలో వచ్చినప్పుడల్లా, టీవీ కట్టేసి పాపను ఎత్తుకునేది.

"మనసు నిలుస్తలేదు బిడ్డా. గీ పిల్లను ఆడిస్తుంటెనే నిమ్మలమైతది" అంది ఒకసారి.

మా ఆయన్ని పట్టుకుపోయారని తెలిసిన రోజు, కిటికీ ఊచలు పట్టుకుని వీధికేసి చూస్తూ పాపను మరిచిపోయాను. అవ్వ మెల్లగా పిలిచింది. తిరిగి చూస్తే పాప మంచంకోడు వదిలేసింది. చేతులు చాపుకుని, ఊగుతూ బొంతలు దాటి, బండల మీదికి దిగి, వచ్చి నా చీర పట్టుకుంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మా ఆయన విడుదలై వచ్చినప్పుడు పాపే వాకిట్లోకి ఎదురెళ్లింది.

సమ్మె ముగిసి బస్సులు తిరగడం మొదలయ్యాక అవ్వ కొడుకూ వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. అవ్వ అతన్ని అరుగు మీద కూచోబెట్టి, చెంబుతో నీళ్లు పోస్తూ, దుమ్ము పట్టిన అతని పాదాలు తానే కడిగింది. మురికి ఎప్పుడో పోయింది. అవ్వ ఇంకా నీళ్లు పోస్తూనే ఉంది.