ఇథియోపియా ఇస్తరాకు

ఆ రోజుల్లో ఆదోని కుర్రవాళ్లకు గొప్పలు చెప్పుకోవడం మీసం దువ్వుకున్నంత సహజం. నాకు మీసం సరిగా రాలేదు కాబట్టి గొప్పలే కాస్త ఎక్కువ చెప్పేవాణ్ణి. డెబ్బైల చివర్లో, నేను పత్తి మిల్లులో గుమాస్తాగా చేరిన ఏడాది, ఎమ్మిగనూరు నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్లను చూసొచ్చాక నాకు అన్నం సయించలేదు (మా అమ్మ దిష్టి తగిలిందనుకుని మిరపకాయలు దిగదీసింది). అంతగా నచ్చింది. ఇక అటువైపు నుంచి మాట రావాలి. ఆ మాట పిల్ల అన్నగారి చేతిలో ఉంది. ఆయన మగ్గం నేసే మనిషి, నోట్లోంచి మాట ఊడిపడదు. "పిల్లోని దగ్గర ఒక పూట ఉండి సూసి సెప్తా" అన్నాడట.

ఇథియోపియాలో చాలా ఏళ్లు లెక్కలు చెప్పి తిరిగొచ్చిన ఒక సారు అప్పుడే మా వీధి చివర, తన ఇంటి ముందుగదిలో, ఆ దేశపు భోజన హోటలు తెరిచారు. ఊళ్లో ఎవరూ గడప తొక్కలేదు. నేనూ తొక్కలేదు. అయినా అన్నగారు బస్సు దిగగానే, "నేను దినామూ ఆ ఫారిన్ హోటల్లోనే తింటానన్నా" అనేసి నేరుగా అక్కడికే తీసుకుపోయాను.

సారు ఆనందంతో తబ్బిబ్బయి ఒక పెద్ద పళ్లెం తెచ్చిపెట్టారు. దాని నిండా బూడిదరంగులో, సన్నటి చిల్లులతో, మెత్తటిదేదో పరిచి ఉంది. దాని మీద పప్పు, శనగపిండి కూర, ఆకుకూర, ఎర్రకారం ఒక్కొక్కటీ ఒక కుప్ప. "ఆ దేశంలో అందరూ ఒకే పళ్లెంలో తింటారు నాయనా" అని చెప్పి ఆయన లోపలికి వెళ్లారు. అన్నగారు మెల్లగా అడిగాడు. "దీన్నెట్ల తినాలప్పా?"

"అడుగున పరిచింది వాళ్ల ఇస్తరాకన్నా. పైనుండేవి నంజుకుంటా ఉండాల. అన్నం ఎనక వస్తాది" అన్నాను, ఆ దేశంలోనే పుట్టినట్టు.

నంజుకున్నాం. అన్నం రాలేదు. కుప్పలు అయిపోయాయి, వేళ్లు కూడా నాకేశాం, కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. చివరికి అన్నగారు నిట్టూర్చి, పద్ధతి ప్రకారం ఆకును తన వైపుకు మడిచాడు (అవతలికి మడిస్తే చావు భోజనం కదా). నేనూ నా కొస పట్టుకుని సాయం చేశాను. అప్పుడే సారు బయటికొచ్చారు. మడత చూసి ఆయన ముఖం వాడిపోయింది.

"తినకుండానే మడిస్తిరే! మూడు దినాలు కొర్రపిండి పులియబెట్టి పోసినాను నాయనా. అది ఆకు కాదు, అదే అన్నం!"

అన్నగారు నావైపు తిరిగాడు. "దినామూ ఈడనే తింటానంటివే?"

ఇంకో అబద్ధం కోసం వెతికాను, దొరకలేదు. "లేదన్నా. నేనూ ఇదే మొదలు రావడం. మీ కంటికి గొప్పగా కనపడాలని సెప్పినా" అన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. సంబంధం పోయినట్టేనని అప్పుడే తేలిపోయింది నాకు. అన్నగారు మడత విప్పి, ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. సారు పరుగున మళ్లీ పప్పు తెచ్చి వడ్డించారు. ఎండాకాలపు మూడోనాటి మజ్జిగంత పులుపు! నేను ప్రతి ముక్కకూ కళ్లు మూసుకున్నాను. ఆయన మాత్రం సారు ముఖం మళ్లీ వెలిగేదాకా తిన్నాడు. బయటికొచ్చాక బండి దగ్గర బొరుగుల ఉగ్గాని, బజ్జీ ఇప్పించి, సంబంధం సంగతి తేల్చకుండానే బస్సెక్కి వెళ్లిపోయాడు.

నాలుగో రోజు కబురొచ్చింది, ముహూర్తం పెట్టుకోమని. ఎందుకు ఒప్పుకున్నాడో పెళ్లయ్యాక మా ఆవిడ చెప్పింది. "ఆ పిల్లోనికి అబద్దం నిలబెట్టుకునేది రాదమ్మా. ఒక్క పూట కూడు అయ్యేలోపలే కక్కేసినాడు. బయం లేకుండా ఇయ్యొచ్చు" అన్నాడట ఇంట్లో.

హోటలు ఆ ఎండాకాలంలోనే మూతపడింది. సారుకు, మా బావకు నేను పడిన రుణం మాటల్లో తీరేది కాదు. ఇప్పటికీ ఏదో చిన్న అబద్ధం మొదలుపెట్టి సగంలో తడబడతాను, మా ఆవిడ వంటింట్లోంచే నవ్వుతుంది. ఆ వెర్రి కుర్రవాణ్ణి తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, వాడు ఆ పూట ఇంకొంచెం తెలివిగా బొంకి ఉంటే ఈ నవ్వు నా ఇంట్లో వినపడేది కాదు.