ప్రసాదం ముట్టని నోరు

నాలుగేళ్లు లాల్‌గడి మలక్‌పేట్ అవతల ఒక వెంచర్‌లో ప్లాట్లు చూపించే పని చేశాను. కొనేవాళ్లు ఎక్కువగా ఆదివారాలే వస్తారు. అందుకని అలియాబాద్‌లోని మా చిన్న చర్చిలో పొద్దున్నే ఆరాధన చూసుకుని, అదే తెల్లచొక్కాతో సైటుకి వెళ్లేవాణ్ని.

విశ్వాసి లోకంలో కలిసిపోకుండా ప్రత్యేకంగా బతకాలని మా పాస్టరుగారు ప్రతివారం చెప్పేవారు. నేను అలాగే బతుకుతున్నాననుకున్నాను. ఆఫీసులో దావత్ అయితే కూల్‌డ్రింకు పట్టుకుని ఓ మూలన కూర్చునేవాణ్ని. భూమిపూజల్లో ప్రసాదం తీసుకునేవాణ్ని కాదు. ఒకసారి ప్లాటు కొన్నాయన తల్లి కొబ్బరిముక్క ఇవ్వబోతే చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఆ ముసలావిడ మొహం చిన్నబోయింది. నేను మాత్రం ఇంటికొచ్చి ఏదో గెలిచినట్టు నా భార్యకు చెప్పుకున్నాను. తోటివాళ్లు నన్ను 'పాస్టర్ సాబ్' అని వెక్కిరించేవాళ్లు. అది కూడా లోలోపల నచ్చేది.

మా వెంచర్‌లో చివరి వరుస పల్లంలో ఉంది. గట్టి వాన పడితే మోకాలిలోతు నీళ్లు వారం పదిరోజులు కదలవు. ఎండాకాలంలో మొరం పోసి చదును చేస్తే ఎవరికీ తెలియదు. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో మా యజమాని నేర్పాడు. ఆయన ఆ ఊరి రైతు కొడుకే, మేమంతా ఆయన్ని 'అన్న' అనేవాళ్లం.

ఒక ఏప్రిల్‌లో తూంకుంటలో అద్దెకుంటున్న ఆంధ్ర దంపతులు వచ్చారు. భర్త చివరి వరుసలో ప్లాటు ఫొటోలు తీసుకుంటుంటే ఆమె నా దగ్గరికి వచ్చింది.

"మీరు క్రిస్టియన్సట కదండీ. తాగరనీ, అబద్ధం ఆడరనీ ఆఫీసులో చెప్పారు. అందుకే మిమ్మల్నే అడుగుతున్నాను. వర్షాకాలం ఇక్కడ నీళ్లు నిలుస్తాయా?"

"లేదు మేడం. ఎంత వాన పడ్డా గంటలనే ఇంకిపోతయి."

ఆలోచించే లోపే అనేశాను. అంతగా అలవాటైన మాట అది.

"అమ్మయ్య. అయితే మీ మాట మీద తీసుకుంటామండీ" అందామె.

బండి మీద ఇంటికొస్తుంటే మొదట అన్న మీద కోపం వచ్చింది. తర్వాత ఆమె మీద. అంతమందిలో నన్నే ఎందుకు అడగాలి? ఆ అబద్ధం ఫోన్లో ఎందరికి చెప్పానో లెక్కలేదు. ఏనాడూ గుచ్చుకోలేదు. నా విశ్వాసాన్ని నమ్ముకుని అడిగింది మాత్రం ఆమె ఒక్కతే.

తర్వాతి ఆదివారం కుర్చీలు సర్దుతున్న పాస్టరుగారికి జరిగింది చెప్పి ఏం చెయ్యాలని అడిగాను. "ప్రార్థన చేద్దాం" అన్నారు.

"ప్రార్థన సరే అయ్యగారు. ఆమెకు నిజం జెప్పాల్నా, వద్దా?"

ఆయన నావైపు చూడలేదు. "ఇల్లు కూడా చూసుకోవాలి కదా. జ్ఞానంగా నడుచుకో."

ఒళ్లు మండిపోయింది. సినిమాల గురించి, ప్రసాదం గురించి అంత సూటిగా చెప్పే మనిషి ఈ ఒక్కదాన్ని మాత్రం దాటేశారు.

ఇంట్లో నా భార్య మెత్తగా మాట్లాడలేదు. "కొబ్బరిముక్క తినకపోతే నీకేం నష్టం కాలే. గిది జెప్తే నౌకరి పోతది. అందుకే జెప్తలేవు."

మర్నాడు ఫోన్ చేశాను. భర్త ఎత్తాడు.

"సార్, మేడంకు అబద్ధం జెప్పిన. వానలు పడితే ఆడ నీళ్లు ఆగుతయి. తీసుకోకుండ్రి."

"మరి ఆరోజు అలా ఎందుకు చెప్పారండీ?"

 ఆమె ఫోన్ తీసుకుని, "మిమ్మల్ని నమ్మి అడిగాను" అని మాత్రం అని పెట్టేసింది. కనీసం మంచిపని చేశావన్న మాటైనా వస్తుందనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇప్పటికీ సిగ్గే.

వాళ్లు బేరం మానుకోవడంతో రెండు రోజుల్లో సంగతి అన్నకు తెలిసింది. "నా కాడ తిని నా పొట్టే గొడ్తవా? నాలుగేండ్ల సంది యాదికి రాని దేవుడు ఇయ్యాల్నే యాదికొచ్చిండా?"

పని పోయినందుకంటే, ఆ చివరి మాట నిజమైనందుకు ఎక్కువ కాలింది.

ఇప్పుడు మేడ్చల్‌లో స్కూలు బస్సు నడుపుతున్నాను. సత్యం కోసం ఉద్యోగం వదిలానని సంఘంలో సాక్ష్యం చెప్పమన్నారు పాస్టరుగారు. చెప్పనన్నాను. నేను వదల్లేదు, వాళ్లు తీసేశారు. పైగా ఆ చివరి వరుసలో నా మాట నమ్మి ఇళ్లు కట్టుకున్నవాళ్లున్నారు.

పోయిన వానాకాలం ఒకరింటికి వెళ్లి ఒప్పుకున్నాను. ఆయన గేటు వేసేసుకున్నాడు. ఇంకొకాయన తిట్టినంతసేపు తిట్టి పార చేతికిచ్చాడు. సాయంత్రం దాకా ఇద్దరం కాలువ తవ్వాం. నీళ్లు సగమే పోయాయి.

ఇంకా మూడిళ్లున్నాయి. ప్రతి ఆదివారం ఆరాధన అవగానే వెళ్దామనుకుంటాను. బండి తీస్తాను, ఇంటికే వచ్చేస్తాను.