నాయన కారు తాగిన ఉప్పునీళ్లు

మా చిన్నప్పుడు... పొద్దుగూకే యాళకు మలుపు కాడ కారు సద్దు వినపడినాంకనే అమ్మ పొయ్యి మీద ఎసరు పెడతాండె. అది నాయన కారు. కదిరికీ నల్లమాడకూ నడుమ మనుషుల్ని తిప్పే పాత డీజిల్ కారు... మీటరు ముల్లు ఎప్పుడో ఆగిపోయింది. అప్పటికే అది ఎంత దూరం తిరిగిందో ఆ దేవునికే ఎరుక.

ఒగనాడు అమ్మ ఎసరు పెట్టకుండా వాకిట్లోకొచ్చి నిలబడింది. "కారు సద్దు మారిందే పాపా" అనింది.

నిజమే. మామూలు దడదడ కింద ఇంకో సద్దు... ఇసుర్రాయిలో గులకరాయి పడినట్లు గరగరమని. నాయన వచ్చినా ఇంజను ఆపలే. బానెట్ ఎత్తి అట్లే చూస్తా నిలబడినాడు.

"ఏమైంది నాయనా?"

"ఇంజను బేరింగులు పోయినట్లుండాదమ్మా." అంతే. ఆ పూట అన్నం సగంలోనే చెయ్యి కడుక్కున్నాడు.

బేరింగులంటే ఏందో నాకు తెలీదు. కానీ ఒకటి తెలుసు... కారు కొనకముందు నాయన లారీ డ్రైవరు. ఎప్పుడో ఒకసారి చుట్టం మాదిరి వచ్చిపోతాండె. మా చెల్లెలు ఆయన్ను చూసి ఎవురో అనుకొని ఏడుస్తాండె. ఇప్పుడు ఇంజను దింపి బాగు చేయించాల్సొస్తే అంత దుడ్డు యాడిది, కారు అమ్మేయాల్సిందే... కారు పోతే నాయన మళ్లీ లారీ ఎక్కాల్సిందే. నాకు శానా భయమేసింది.

పొద్దున్నే స్టాండు కాడ, ఎద్దు పుండు కాకికి ముద్దు అన్నట్లు, తలా ఒక రోగం చెప్పినారు. "పిస్టన్ పోయిందప్పా." "కాదన్నా, గేర్‌బాక్స్." ఒక ముసలాయనైతే "దిష్టి తగిలింది, నిమ్మకాయ మార్చు" అన్నాడు. అదీ మార్చినాం, మిరపకాయలు గూడా కట్టినాం. నిమ్మకాయ ఊగుతానే ఉండె... సద్దు వస్తానే ఉండె.

ఆఖరికి కదిరిలో మెకానిక్ బాషా మామ షెడ్డుకు పోయినాం. బడి లేదని నేనూ ఎక్కినా. "ఏమ్మే, సీట్లో కూర్చొని రేసు తొక్కుతావా?" అన్నాడు మామ. కాలందక సీటు అంచుకు జారి మరీ తొక్కినా. మామ పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకొని ఒక్కో తావు వింటా పోయినాడు... డాక్టరు ఎదురొమ్ము చూసినట్లు. నాయన బీడీ ముట్టించుకొని తాగేది మర్సిపోయినాడు.

తర్వాత మామ ఫ్యాన్ బెల్టు ఊడబెరికి, "ఇప్పుడు స్టార్ట్ చెయ్యన్నా" అన్నాడు. నాయన కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పినాడు.

గరగర లేదు!

"ఇంజనుకేం కాలేదన్నా. ఈ బెల్టుతో తిరిగే నీళ్ల పంపు బేరింగు పోయినాది. పంపు మారిస్తే సరి." నేను సీట్లోనే ఎగిరినా. నాయన నవ్వినాడు. ఆ నవ్వు మాత్రం నాకు బాగా గుర్తుండాది.

పంపు విప్పితే లోపలంతా తెల్లగా ఉప్పు పేరుకోనుండె. మామ గోటితో గీకి చూసి, "రేడియేటర్‌కు ఏం నీళ్లు పోస్తాండావు?" అన్నాడు.

"బోరు నీళ్లు."

"అదీ సంగతి. ఈ పొద్దు పంపును తినింది. ఇట్లే పోస్తే రేపు ఇంజనునే తింటాది. మంచినీళ్లు పోయన్నా."

మంచినీళ్లు! మా ఊరి బోర్లో వచ్చేవి నోట్లో పెట్టుకోలేని ఉప్పునీళ్లు. తాగేదానికి ట్యాంకరు రావాల... అది వచ్చినప్పుడు వచ్చినట్లు. వానల్లేక శెనక్కాయ చెట్టు మొలిచింది మొలిచినట్లే ఎండిపోయిన కాలం అది.

"మనుషులకే లేవు, బండికి యాడ తెచ్చేది?" అనింది అమ్మ. అనిందే గానీ, ట్యాంకరు రాంగానే ఒక కడవ నింపి మూలన పెట్టి మూతికి గుడ్డ కట్టింది. "ఇది కారుది. ముట్టుకుంటే చేతులిరగ్గొడతా." గొంతెండినా మేము ఆ దిక్కు చూడలే. పొద్దున్నే నాయన అందులోంచి ముంచి పోస్తాండె. కారు గూడా మా ఇంట్లో ఒక బిడ్డే అయిపోయింది.

ఎండాకాలం వచ్చె. ట్యాంకరు రాలే... రేపంటారు, మాపంటారు. కరువులో అధికమాసం అన్నట్లు చెల్లెలికి జ్వరం. నీళ్లు, నీళ్లు అని ఒకటే కలవరింత. అమ్మ ఉత్త బిందె వంచి చూసింది. కారు కడవ దిక్కు చూసింది. నాయన దిక్కు చూసింది.

నాయనే లేచినాడు. కడవ ఎత్తి బిందెలోకి కుమ్మరించి "తాపియ్యి" అన్నాడు. చెల్లెలు తాగింది. మేమంతా తాగినాం. నేను కడుపు నిండా తాగినా.

తెల్లారి బోరు కాడికి పోయి, తెలిసి తెలిసి, రేడియేటర్‌లో ఉప్పునీళ్లు పోసినాడు. ఆ ఎండాకాలమంతా అంతే.

కొత్త పంపు మళ్లీ గరగరమనింది. ఈ సారి ఏమైందని ఎవురూ ఎవుర్నీ అడగలే. ఒగనాడు గుట్ట ఎక్కుడులో కాగి కాగి ఇంజను పట్టేసింది, ఇంక తిరగలే. తాడు కట్టి లాక్కొచ్చినారు. కొన్నాళ్లు వాకిట్లో నిలబడింది, తర్వాత పాత ఇనుపోళ్లు తీసకపోయినారు.

నాయన లారీ ఎక్కినాడు. పోయే పొద్దు నేను సంగటి తింటాండా. "పోయొస్తా పాపా" అన్నాడు. "ఊఁ" అన్నా. ఏడుపు రాలే. కోపం రాలే. అంత భయపడినదాన్ని... తీరా అయినాంక లోపల ఏమీ లేదు. చెయ్యి కడుక్కొని బడికి పోయినా. శానా ఏండ్లకు ఆయన కాలం చేసినప్పుడూ అంతే... అందరూ ఏడ్సినారు, నేను వచ్చినోళ్లకు కాఫీలిచ్చినా.

ఇప్పుడు మా ఊర్లో ఇంటింటికీ కుళాయి ఉండాది. మొన్న పోతే చెల్లెలు పైపు పెట్టి దాని కారు కడుగుతాండె. మంచినీళ్లు వీధంతా పారతాండాయి. కడుగుతా కడుగుతా అనింది... "ఏమైనా అనుకోక్కా, నాయనకు మన మీద ధ్యాసే లేదు. మన చిన్నప్పుడు ఇంట్లో ఉన్నింది ఎప్పుడు?"

ఆ జ్వరం దానికి గుర్తులేదు. ఆ నీళ్లూ గుర్తులేవు. చెప్పాలనుకున్నా గానీ, కుళాయి కట్టేసి లోపలికి పోయినా.

మీ ఇండ్లల్లో గూడా ఎవురో ఒకరు ఇట్లా, తెలిసి తెలిసి, ఏదో ఒకటి పోగొట్టుకునే ఉంటారు... ఎవురికోసం పోగొట్టుకున్నారో వాళ్లకు ఆ సంగతి చెప్పినారా మీరు? చెప్పుంటే, ఎట్లా చెప్పినారో కింద రాయండి.