ఏడు ఒకట్లు

మొన్న సెలవులకు వచ్చిన మా తమ్ముడి కూతురు ఫోనులో ఏడు ఒకట్లు వరసగా నొక్కి, ఇది ప్రధాన సంఖ్యేనా అని అడిగింది. కాదన్నాను. "చూడకుండనే ఎట్ల చెప్తవ్ అత్తా?" అంది. చూసే చెప్పాను, కాకపోతే చూసి చాలా ఏళ్లయింది.

తెలంగాణ ఉద్యమంలో బడులు, బస్సులు బందైన రోజులవి. నాకప్పుడు నలభై దాటాయి. మేడిపల్లి బడిలో లెక్కలు చెబుతూ కోరుట్లలో ఒక మేడగదిలో అద్దెకుండేదాన్ని. మావాళ్లంతా సిరిసిల్లలో. పొద్దున సమ్మె టెంటులో నలుగురితో కలిసి నినాదాలిచ్చి వచ్చాక, గదిలో మాట్లాడేందుకు గోడలే మిగిలేవి. కింద వాటాలో ఇంటాయన ఒక్కరే. గడియారాలు బాగుచేసే ముసలాయన, చాచా అనేదాన్ని. ఆ వానకాలంలోనే ఆయన భార్య, చాచీ, పోయింది. దుకాణం కూడా మూతపడటంతో ఆయన వేళ్లు పనిలేక ఒకదాన్నొకటి రుద్దుకుంటూ ఉండేవి.

"మీ పోరగాండ్లకు చెప్పే లెక్క నాకొకటి చెప్పరాదు, టీచరమ్మా" అన్నారొకనాడు. ఒకటితో, తనతో తప్ప దేనితోనూ తెగని సంఖ్యల గురించి చెప్పి, ఏడు ఒకట్లు రాసి, ఇదీ అలాంటిదేనన్నాను. ఎన్నడూ సరిచూసింది లేదు. ఏళ్ల తరబడి పాఠం చెప్పిన ధీమా, అంతే.

"ఎవ్వరికి తెగదా? పాపం" అన్నారు చాచా.

మర్నాటి నుంచి పాత క్యాలెండరు కాగితాల వెనక భాగహారాలు మొదలయ్యాయి. వెయ్యి దాటేదాకా ప్రధాన సంఖ్యలతో చూస్తే చాలని నేనే పట్టిక రాసిచ్చాను. సాయంత్రం మెట్ల కింద నిలబడి పిలిచేవారు. "మూడుకు ఒకటి మిగిలింది. ఏడుకు గూడ ఒకటే. పదమూడుకు గూడ గంతే." పదిహేడుకు ఎనిమిది మిగిలిన రోజున ఇంటికి చుట్టాలొచ్చినంత సంబరపడ్డారు. మొదట్లో విసుగనిపించేది. రానురాను ఆ పిలుపు కాస్త ఆలస్యమైతే నేనే మెట్ల దాకా వచ్చి తొంగిచూసేదాన్ని.

ఒక సాయంత్రం పిలవకుండా పైకే వచ్చేశారు. "తెగింది. రెండు వందల ముప్పై తొమ్మిదికి తెగింది."

"ఎక్కడో తప్పు చేసినట్టున్నరు చాచా, అది తెగదు" అన్నాను, కాస్త కటువుగానే.

"మీరే చూడుండ్రి మరి."

రెండుసార్లు చేశాను. భాగఫలం నాలుగు వేల ఆరు వందల నలభై తొమ్మిది, శేషం సున్నా. చెవులు వేడెక్కాయి. "నేనే తప్పు చెప్పిన" అన్నాను. గెలిచినందుకు నవ్వుతారనుకున్నాను. ఆయన గడప మీద కూలబడి, కాగితం మడుస్తూ, "గదైతే అయింది. రేపటి సంది ఏం జెయ్యాలె బిడ్డా?" అన్నారు.

తోచక పదకొండు ఒకట్లు రాసిచ్చాను. ఇది తెగుతదా అంటే, తెల్వదన్నాను. ఈసారి నిజమే చెప్పాను.

సమ్మె ముగిసింది, కొన్నాళ్లకు నాకు సిరిసిల్ల బదిలీ అయింది. బ్యాగు పట్టుకుని మెట్లు దిగుతుంటే ఆయన తలెత్తి, "ఇంకా తెగలే" అన్నారు. ఫోను చేస్తానన్నాను, చేయలేదు. కొన్నేళ్లకు, ఆ పదకొండు ఒకట్లు తెగేది ఇరవై ఒక్క వేల ఆరు వందల నలభై తొమ్మిదికని ఒక పుస్తకంలో చూసి, చెబుదామని కోరుట్ల వెళ్లాను. ఆయన పోయి రెండేళ్లయిందని పక్కింటివాళ్లు చెప్పారు. లెక్కలో అంతదూరం వెళ్లారో, మధ్యలోనే ఆగారో అడగడానికి ఎవరూ లేరు. ఒక్క ఫోనుకు నాకు తీరిక దొరకని ఆ రోజులు ఆయనకు ఎంత పొడుగ్గా గడిచి ఉంటాయో, రిటైరై నా రోజులూ పొడుగయ్యాక ఇప్పుడు తెలుస్తోంది.